లేని కుచ్చిళ్లు

ఆ పొద్దు ఆకాశం కురవనూ కురవలేదు, తెరిపీ ఇవ్వలేదు. మూడు రోజులుగా మబ్బు గోదావరి మీదనే కూచుంది, కొనకుండా లేచిపోకుండా సతాయించే గిరాకీలాగా. రేకుల మీద నాలుగు చినుకులు పడ్డ చప్పుడు విని సుమంగళ మేడ మీది బట్టలు తీయడానికి రెండుసార్లు ఎక్కింది. రెండుసార్లూ తీయకుండానే దిగివచ్చింది.

రెండోసారి దిగేటప్పుడు మేనకోడలి గది ముందు ఆగింది. తలుపు నిన్న సాయంత్రం ఎట్లా పడిందో అట్లాగే ఉంది. గడప పక్కన పెట్టిన పళ్లెం మీద మూత జరగలేదు.

లోపల గొళ్లెం పెట్టలేదని సుమంగళకు తెలుసు. గొళ్లెం పెట్టిన తలుపునైతే బాదవచ్చు. ఊరికే మూసిన తలుపును తట్టడమే కష్టం.

"సాయలీ, చాయ్ పెట్టిన్నమ్మా."

"ఆకలైతలేదత్తా."

చాయ్ అంటే ఆకలి సంగతి చెప్పింది పిల్ల. సుమంగళ పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయింది.

అన్న రామకిషన్ పీట మీద కూచుని మరాఠీ పేపరు చదువుతున్నాడు. అరగంటగా అదే పేజీ. వదిన పోయిన ఆరేళ్ల నుంచి పొద్దున పూట అతను కూచునేది వంటింట్లోనే. మాట్లాడడానికి కాదు, ఎవరో ఒకరు మెసలుతున్న చప్పుడు వినడానికి.

"తిన్నదా?" అన్నాడు పేపరులో నుంచే.

సుమంగళ పళ్లెం చూపించింది.

"బొమ్మ కోసం ఇంత లొల్లా" అన్నాడు అతను. కోపంగా కాదు, లోకం తీరు అర్థం కాని వాడిలా.

బొమ్మ కోసమే. కాకపోతే ఆ బొమ్మకు రెండేళ్ల వయసుంది. రామకిషన్ కొడుకు సుమిత్ పుణెలో నౌకరీ వదిలిపెట్టి వచ్చి, చెల్లెలితో కలిసి, మేడ మీది గదిలో ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారు చేశాడు. కథా బొమ్మలూ సాయలివి. లోపలి యంత్రపు పనంతా సుమిత్‌ది. పోయిన వారం ఒక కంపెనీ వాళ్లు ఆటను బయటికి తెస్తామని ఒప్పుకున్నారు. ఒకటే షరతు. ఆడేవాడి చేతికి వచ్చే, వాడు నడిపించే మనిషి ఆడది కాకూడదు, మగపిల్లవాడై ఉండాలి. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల అవునో కాదో చెప్పాలి.

నిన్న సాయంత్రం సాయలి ఫోన్ తెరిచేసరికి ఆమె గీసిన ఆడమనిషి అందులో లేదు. ఆ స్థానంలో టోపీ పెట్టుకున్న పిల్లవాడున్నాడు. ఎట్లుంటదో చూద్దామని పెట్టినా అన్నాడు సుమిత్. నన్ను అడుగకుండనా అన్నది సాయలి. అంతే, ఇద్దరూ ఆపైన గొంతు పెంచలేదు. తలుపు ఒక్కటే పెద్దగా మాట్లాడింది.

సుమంగళ జొన్నపిండి డబ్బా మీది మూత తీసింది. అది అసలు మూత కాదు, పాత నల్ల పలక. మూరెడు వెడల్పు, చెక్క చట్రం. డబ్బా మూత ఎప్పుడో పోతే సామాన్ల గదిలో నుంచి అన్ననే తెచ్చి కప్పాడు. పిండి తీసినప్పుడల్లా రోజుకు రెండుసార్లు దాన్ని ఎత్తి గోడకు ఆనించడం ఆమెకు అలవాటు. ఎత్తినప్పుడల్లా రంగు రాతలున్న వైపు గోడకు తిప్పి పెట్టడం కూడా.

"వాడు అన్నదాంట్ల తప్పేమున్నది" అన్నాడు రామకిషన్. నౌకరీ వదులుకుని వచ్చిన పిల్లవాడి రెండేళ్ల కష్టం ఒక చీర, ఒక పాంటు కాడ ఆగిపోతుందా అని అతని బాధ. ఏళ్ల తరబడి బొమ్మలమ్మిన మనిషి. నాందేడ్ వజీరాబాద్‌లో ఆటబొమ్మల దుకాణం, ఇప్పుడు సగానికి సగం ఫోన్ కవర్లే. కొనేవాడు ఏది అడిగితే అది చూపించడమే యాపారం అని అతని నమ్మకం.

సుమంగళ రొట్టె తట్టింది. ఆ ఇంట్లో ఆమె చప్పుడు చేసేది రొట్టెలతోనే.

సుమిత్ స్నానం చేసి వచ్చాడు. రాత్రి వాడూ నిద్రపోలేదు, కళ్ల కింద తెలుస్తోంది. తండ్రిని దాటి వచ్చి పొయ్యి దగ్గర మేనత్త పక్కన గొంతుక్కూచున్నాడు, చిన్నప్పుడు రొట్టె ముక్క కోసం కూచున్నట్టు.

"అత్తా, నువ్వు చూడు. నువ్వే ఫైసలా చెయ్. వాన గదే, బ్రిడ్జి గదే, రైలు గదే. ఏం పాడైంది?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

వాన అదే. ఆ వాన ఆమెకు తెలుసు. పదమూడేళ్ల కింద శ్రావణంలో, అత్తగారి ఊరు ఇస్లాపూర్‌లో కురిసిన వాన అది. వాగు రోడ్డెక్కింది, బస్సులు ఆగాయి. ఇంట్లో పెనిమిటి దిగంబర్ మూడు రోజుల జ్వరంతో పడి ఉన్నాడు. మందులు అవతలి ఒడ్డున దొరికాయి. ఆమె మందుల పొట్లం ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుముకు దోపుకుని, రైలు వంతెన మీద పట్టాల నడుమ చెక్క చెక్కకూ అడుగు వేసుకుంటూ వచ్చింది. కింద ఎర్రటి నీళ్లు. వెనక నుంచి రైలు వస్తుందో రాదో తెలియదు. ఆ మనిషి ఇంకో నాలుగేళ్లు బతికాడు.

నాందేడ్‌కు పుట్టింటికి తిరిగొచ్చాక ఆ కథ సాయలికి వందసార్లు చెప్పి ఉంటుంది. అన్నం తినిపించడానికి కొన్నిసార్లు, జడ వేసేటప్పుడు కొన్నిసార్లు. ఆ పిల్ల పెద్దదై దాన్ని ఆట చేసింది. ఆటలోని మనిషికి నడక కావలసి వచ్చి, ఒక పొద్దున సుమంగళను మేడ మీద అటూ ఇటూ నడిపించి వీడియోగా ఫోన్‌లో పట్టుకుంది. ఆ తరవాత చూపించింది. అప్పుడు తెలిసింది సుమంగళకు, తాను ప్రతి నాలుగో అడుగుకు ఎడమ చేత్తో కుచ్చిళ్లు కాస్త పైకెత్తి వదిలిపెడతానని. నలభై ఆరేళ్లు వచ్చినా తన నడక తనకు తెలియలేదని ఆ రోజు ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఇప్పుడు ఆ వానలో టోపీ పిల్లవాడు నడుస్తున్నాడు. నీలం పాంటు, భుజాన సంచి. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగుకు వాడి ఎడమ చెయ్యి కిందికి దిగింది. తొడ పక్కన గాలిని రెండు వేళ్లతో పట్టి, కొద్దిగా పైకెత్తి, వదిలింది.

మళ్లీ మూడడుగులు. మళ్లీ లేని కుచ్చిళ్లు ఎత్తాడు.

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. సుమంగళ తిప్పలేదు. రామకిషన్ పేపరు దించి చూశాడు.

"నడక మార్చాల్నంటే నెల పడ్తదత్తా" అన్నాడు సుమిత్, ఆమె చూపు ఎక్కడుందో కనిపెట్టి. "పైది మార్చిన, నడక గట్లనే ఉంచిన. ఎవలికి తెల్వది."

ఆమె ఆట చివరికి జరిపింది. వంతెన దాటాక ఒక ఇల్లు. లోపల మంచం.

"ఈ పండుకున్నది ఎవలు?"

"చెల్లె. వాని చెల్లె. జరమొచ్చింది. మందు గామె కోసమే." వాడు కొంచెం హుషారుగా చెప్పాడు. "పోరి ఉండద్దని అనలేదు వాళ్లు. చూడు, ఉన్నది."

సుమంగళ ఫోన్ వాడి చేతిలో పెట్టింది.

"ఆ దినం పండుకున్నది నేను గాదు బిడ్డా. నడ్సింది నేను."

సుమిత్ కంపెనీ వాళ్ల లెక్కలు చెప్పాడు. డబ్బు పెట్టి ఆడేవాళ్లు ఎక్కువ మంది పోరగాళ్లే. చేతికి ఆడదాన్ని ఇస్తే మధ్యలోనే వదిలేస్తారట. మొదట ఇట్లా పోనిచ్చి, నడిస్తే రెండో భాగంలో సాయలి బొమ్మను తెద్దామన్నారు. చెప్పినంతసేపూ వేలితో నేల మీద పిండి గీతలు గీశాడు. వాడు అబద్ధం ఆడటం లేదని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ల కింద ఇంకొకరు కూడా అబద్ధం ఆడుతున్నామని అనుకోలేదు.

అప్పుడు ఇత్వారా బజారులో, ఇప్పటి దుకాణం కాదు, పాత దాంట్లో, రామకిషన్ ఒక ఆట డబ్బా పెట్టాడు. మనిషెత్తు చెక్క డబ్బా, దాంట్లో టీవీ, ముందు ఒక పుల్ల, రెండు గుండీలు. రూపాయి బిళ్ల వేస్తే ఆట. ఊళ్లో అది రెండోదో మూడోదో. బడి విడిచాక పోరగాళ్లు చెప్పులు విడవడానికి చోటు లేకుండా నిండేవాళ్లు. ఆడపిల్లలు ఆ గడప తొక్కే మాటే లేదు.

కానీ వాళ్ల అమ్మకు ఒక పట్టింపు ఉండేది. ఏ యాపారమైనా పొద్దున బోణీ ఇంటి ఆడపిల్ల చేత్తోనే కావాలి, ఆ చెయ్యి లక్ష్మి చెయ్యి అని. బట్టల దుకాణం ఉన్నప్పుడు మొదటి గజం సుమంగళ కొలిచేది. డబ్బా వచ్చాక మొదటి బిళ్ల సుమంగళ వెయ్యాలి. బిళ్ల వేశాక ఆట ఊరికే పోనిస్తే అపశకునం. కాబట్టి ఆడాలి.

పదిహేనేళ్ల పిల్ల. షట్టర్ సగమే ఎత్తి ఉండేది. కింది నుంచి నడుమెత్తు వెలుగు, ఊదుబత్తి పొగ, వేడెక్కిన తీగల వాసన. అన్న గల్లా తుడుచుకుంటుంటే ఆమె ఆడేది. గోడలు దూకాలి, నిప్పులు తప్పించుకోవాలి, కోట ఎక్కాలి. దూకేది మీసాల సిపాయి. కోట కిటికీలో ఒక పిల్ల రుమాలు ఊపుతూ కూచుని ఉండేది. ఆ ఆట మొత్తంలో ఆడది ఆమె ఒక్కతే.

ఒకసారి అడిగింది అన్నను, ఆ పిల్లను పెట్టుకొని ఆడరాదా అని. అతను గల్లా తుడుస్తూనే నవ్వాడు.

"ఆ పిల్ల ఆడేటందుకు గాదే, గెల్సుకునేటందుకు."

ఆమె కూడా నవ్వింది. నాలుగేళ్లు, పెళ్లయ్యేదాకా, రోజూ ఒక ఆట. ఏ పండుగ పొద్దూ అంత బాగుండేది కాదు. ఆడి, షట్టర్ కింది నుంచి వంగి బయటికి వచ్చి, ఎవరూ చూడకుండా ఇంటికి పోయి బియ్యం ఏరేది. వేళ్లు ఇంకా గుండీల మీదనే ఉన్నట్టుండేవి.

డబ్బాకు ఒక జబ్బు ఉండేది. కరెంటు పోయిందంటే ఎవరు ఎంత ఆడారో అన్నీ మరిచిపోయేది. నాందేడ్‌లో రోజూ కరెంటు పోయేది. అందుకని రామకిషన్ ఒక నల్ల పలక కొని, పైన ఎర్ర రంగుతో 'ఆజ్‌చా హీరో' అని మరాఠీలో రాయించాడు, ఈ రోజు వీరుడు అని. కింద సుద్దతో పేరూ, కొట్టిన లెక్కా.

ఒక మధ్యాహ్నం అమ్మకు ఒంట్లో బాగాలేక టిఫిన్ డబ్బా సుమంగళ తీసుకుపోయింది. గడప బయటే నిలబడింది. పోరగాళ్ల తలల మీదుగా పలక కనిపించింది. ముప్పై ఎనిమిది వేల రెండు వందలు. పొద్దున తాను కొట్టిన లెక్క. పక్కన పేరు: కైలాశ్, హైదరాబాద్.

ఆ తరవాత గల్లీలో కొత్తిమీర కొంటుంటే విన్నది. ఇద్దరు పోరగాళ్లు కైలాశ్ గురించి కొట్లాడుకుంటున్నారు. పొడుగ్గా ఉంటాడట. పొద్దున్నే వచ్చి ఆడి రైలెక్కి పోతాడట. ఒకడైతే వాడికి చెయ్యి కలిపానన్నాడు. వాణ్ణి ఓడించాలని బడి పిల్లలు బిళ్లల మీద బిళ్లలు వేస్తున్నారు.

ఆమె ఇంటికి వచ్చి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వాక ఎందుకు నవ్విందో తెలియలేదు. మరుసటి రోజు పొద్దున్న మళ్లీ పోయి ఆడింది.

"ఇటియ్యరా, నేను జూస్త" అన్నాడు రామకిషన్ పీట మీద నుంచి.

సుమిత్ ఫోన్ ఇచ్చాడు. రామకిషన్ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, ఫోన్‌ను మూరెడు దూరం పెట్టి చూశాడు. పిల్లవాడు నాలుగో అడుగు వేశాడు. ఎనిమిదో అడుగు వేశాడు. రామకిషన్ ఫోన్ దగ్గరికి తెచ్చాడు. పన్నెండో అడుగుకు తల ఎత్తి, పొయ్యి దగ్గర నుంచి మాడిన రొట్టె పారేయడానికి లేచిన చెల్లెలిని చూశాడు. ఆమె గుమ్మం దాకా పోయింది. ఎడమ చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని గడప దాటింది.

ఆమె తిరిగి వచ్చేదాకా అతను అట్లాగే చూస్తూ ఉన్నాడు.

"మా అమ్మ గూడ గిట్లనే నడుస్తుండె" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

సుమంగళ డబ్బా దగ్గరికి పోయింది. గోడకు ఆనించిన పలకను తీసుకుని, తడి గుడ్డతో పిండి తుడిచి, రంగు రాతల వైపు పైకి తిప్పి, అన్న ముందు నేల మీద పెట్టింది. ఎరుపు చాలాచోట్ల రాలింది. ఆజ్‌చా హీరో. కింద ఖాళీ.

సుమిత్ ఇన్నేళ్లూ అది పిండి డబ్బా మూత అనే అనుకున్నాడు. ఇదేందత్తా అన్నాడు. ఆమె చెప్పింది. పెద్ద కథగా ఏం చెప్పలేదు. బోణీ సంగతి, కరెంటు సంగతి, ముప్పై ఎనిమిది వేల రెండు వందలు. కైలాశ్ పేరు చెప్పేటప్పుడు మాత్రం పొయ్యిలోకి చూసింది.

రామకిషన్ చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది.

"నీకు తెల్సా?"

"టిఫిన్ తెచ్చిన నాడు జూసిన."

"ముప్పై ఏండ్లాయె. ఒక్కసారి అడుగకపోతివి."

"అడిగితే ఏం జెప్తుంటివన్నా?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఉన్నదే చెప్పాడు.

"పోరి ఆడింది అని రాస్తే ఎవడు బిళ్ల ఏస్తుండె? మధ్యలనే ఇడ్సిపెట్టి పోతుండిరి..."

మాట సగంలో ఆగింది. ఇంతకుముందే పొయ్యి దగ్గర కొడుకు అన్న మాట, తన నోట్లో. సుమిత్ నేల చూశాడు. తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బయట నాలుగు చినుకులు రేకుల మీద పడి ఆగాయి.

మెట్ల మీద చిన్న చప్పుడైంది. సాయలి మెట్ల మీద ఎంతసేపటి నుంచి కూచుందో ఎవరూ గమనించలేదు. విన్నదంతా విన్నట్టే ఉంది. లేచి మళ్లీ లోపలికి పోయిన అడుగుల చప్పుడు వినిపించింది.

రామకిషన్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఆ ఇంట్లో పెద్దవాడు మేడ మీదికి ఎక్కి చాలా రోజులైంది. ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. పైన తలుపు తట్టిన చప్పుడు, మెల్లిగా ఏదో చెప్పిన చప్పుడు. మాటల్లో 'నీ బొమ్మనే ఉంటది బిడ్డా' అన్నది ఒక్కటే వినపడింది. చాలాసేపు చెప్పాడు. అతను అంతసేపు మాట్లాడటం, వదిన పోయినప్పుడు కూడా, సుమంగళ వినలేదు.

వంటింట్లో సుమిత్ కదలలేదు.

"అత్తా."

"ఊ."

"పన్నెండు దాక టైం ఉన్నదని జెప్పిన గద."

ఆమె రొట్టె తట్టడం ఆపింది.

"పొద్దుగాల ఏడింటికే జవాబు పంపిచ్చిన. మంజూర్, ఒప్పుకున్నమని రాసిన." వాడు నేల మీది పిండి గీతలు చెరిపాడు. "చెల్లె మెల్లగ ఒప్పుకుంటదనుకున్న."

సుమంగళ వాడిని చూసింది. తల్లి పోయినప్పుడు తన ఒళ్లో పడుకుని ఏడ్చిన పిల్లవాడు. ఇరవై నాలుగేళ్లు వచ్చినా చెవి వెనక సబ్బు నురగ సరిగా కడుక్కోడు. తిరిగి తీసుకోరాదా అని అడిగింది. తీసుకోవచ్చు, పన్నెండు తరవాత వాళ్లు కాగితాలు చేస్తారు, ఆలోపల ఫోన్ చేసి కాదంటే ఆగుతుంది అన్నాడు. కానీ కాదంటే ఇంకెప్పుడూ పిలవరు. ఇంకో కంపెనీ దొరుకుతుందో లేదో. రెండేళ్లు.

"బాపుకు జెప్పకు" అన్నాడు.

"నేను జెప్ప. నువ్వు జెప్పాలె. అది గూడ నీ చెల్లెకు, నీ నోటితోని."

పదకొండు దాటింది. దుకాణానికి పోయేముందు తిని పోయే ఇల్లు అది. మొదట మగవాళ్లకు రెండు పళ్లేలు, ఆ తరవాత సాయలికి, అందరూ లేచాక పొయ్యి పక్కన సుమంగళకు. ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎప్పటినుంచో అట్లా ఉంది.

రామకిషన్ మేడ దిగి వచ్చాడు. వెనక సాయలి. కళ్లు ఉబ్బి ఉన్నాయి, కానీ మొహం కడుక్కుంది. అతను గూట్లో నుంచి పళ్లేలు తానే తీశాడు. లెక్క తప్పినట్టు ఒకసారి ఆగి, నాలుగు తీశాడు. వరుసగా నేల మీద పెట్టి, చెల్లెలి వైపు చూడకుండా, "కూసో" అన్నాడు.

"రొట్టెలు ఎవలేస్తరు?"

"చేసినయి చాలు. నడుమ పెట్టు."

జొన్నరొట్టెల బుట్ట నడుమ పెట్టింది. పుంటికూర పప్పు, దంచిన పచ్చిమిర్చి ఠేచా, కోసిన ఉల్లిగడ్డ. తాను ఎక్కడ కూచోవాలో తెలియక ఒక క్షణం నిలబడింది. సాయలి కొంచెం జరిగింది. అత్త కూచుంది.

పలక ఇంకా నేల మీదనే ఉంది. ఎవరూ తీయలేదు. తింటూ ఉన్న నలుగురి మధ్య అది కూడా ఒకరి పళ్లెం లాగే ఉంది.

సాయలి రొట్టె తుంచింది. నిన్న మధ్యాహ్నం తరవాత అదే మొదటి ముద్ద. గెలిచాననుకున్న పిల్ల ఎట్లా తింటుందో అట్లా తింటోంది, గబగబా, ఆకలి ఇప్పుడే గుర్తొచ్చినట్టు. సుమంగళ ఆ పళ్లెంలో ఇంకో సగం రొట్టె వేసింది. పిల్ల తలెత్తి నవ్వబోయింది. అత్త మొహం చూసి ఆగి, మళ్లీ తల వంచుకుంది.

పప్పులో ఉప్పు తక్కువైనా రామకిషన్ అడగలేదు.

సుమిత్ ఫోన్ వాడి మోకాలి పక్కన బోర్లా ఉంది. వాడు ఒక ముక్క తుంచి, ఠేచాలో అద్ది, నోటి దాకా తెచ్చి దించాడు. ఎడమ చెయ్యి ఫోన్ వైపు పోయి సగంలో ఆగింది. సుమంగళ చూసింది. చూసి, తన పళ్లెంలోని ఉల్లిగడ్డ ముక్క వాడి పళ్లెంలో పెట్టింది.

గోడ మీది గడియారంలో పన్నెండుకు ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. నలుగురూ నమిలే చప్పుడు తప్ప ఆ ఇంట్లో ఇంకేమీ వినపడలేదు.